తక్కువ తీసే యంత్రం: చెక్క నేలల పనిలో హుమ్మెల్ బెల్ట్ సాండర్

నేల సాండింగ్ యంత్రాల ప్రస్తావన వస్తే చాలు, అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎంత త్వరగా కోస్తుంది? పాత చెక్క నేలలను గీసి, మళ్లీ పాలిష్ పట్టడం నా బతుకుతెరువు. నన్నడిగితే ముందు అడగాల్సింది వేరే ఉంది. పనంతా అయ్యాక నేలలో ఎంత చెక్క మిగిలింది? 19 మిల్లీమీటర్ల గట్టి చెక్క పలకను చూస్తే తరాలపాటు ఢోకా లేదనిపిస్తుంది. కానీ పలకను పలకతో కలిపే నాలుక, గాడి ఆ మందం మధ్యలోనే ఉంటాయి. పైనుంచి అక్కడిదాకా ఉన్న ఆరేడు మిల్లీమీటర్లే మనం వాడుకోగలిగేది. అంతకంటే కిందికి దిగితే గాడి అంచు పల్చబడి పేళ్లుగా లేచిపోతుంది, లోపల దాచి కొట్టిన మేకులు బయటపడతాయి, ఇక ఆ నేలను పీకి పారేయడమే మిగులుతుంది. ప్లైవుడ్ మీద అసలు కలప పొర అతికించిన ఇంజనీర్డ్ పలకల సంగతి ఇంకా నాజూకు. పై పొర కొన్నిటికి 6 మిల్లీమీటర్లుంటుంది, కొన్నిటికి 2 మించదు. ఆ 2 మిల్లీమీటర్ల రకాన్ని నేను యంత్రంతో గీయను. పాత పాలిష్ పైపైన గరుకు చేసి, మీద కొత్త కోటు వేసి ఇస్తాను.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, గదిలో ఒక్కచోట యంత్రం లోతుగా దిగబడిందనుకోండి, ఆ గుంట కనిపించకుండా పోవాలంటే చుట్టూ ఉన్న నేలంతా దాని అడుగు మట్టానికి దించాలి. బెత్తెడు మేర జరిగిన నష్టానికి గదంతా మూల్యం చెల్లిస్తుంది. కాబట్టి వేగం కంటే ముందు యంత్రంలో నేను వెతికేది కుదురు. గీసిన ప్రతి చోటా ఒకే లోతు రావాలి, ఎక్కడా తూగకూడదు. లేగ్లర్ వాళ్ల హుమ్మెల్ నా చేతిలో ఇన్నేళ్లుగా ఉండటానికి కారణం అదే.

ముందు యంత్రం గురించి క్లుప్తంగా. లేగ్లర్ 1956లో మొదలైన జర్మన్ సంస్థ. హుమ్మెల్‌ను 1969 నుంచి తయారు చేస్తోంది. బరువు 80 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఒకే మోటారు బెల్టునూ తిప్పుతుంది, పొడిని లాగే ఫ్యానునూ తిప్పుతుంది. ఎమ్రీ బెల్టు 200 మిల్లీమీటర్ల వెడల్పు, 750 మిల్లీమీటర్ల పొడవు. కింద రబ్బరు తొడుగున్న డ్రమ్ము, పైన బెల్టును బిగించి పట్టే చిన్న రోలరు. పక్క తలుపు తెరిచి, మీట వదులు చేసి, పాత బెల్టు లాగేసి కొత్తది తొడగడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. బయటికి కనిపించేది ఇంతే. తెరలు, మీటర్లు, రంగురంగుల బటన్లు ఏమీ లేవు.

అద్దెకు దొరికే యంత్రాలు చాలావరకు బెల్టు రకం కావు. డ్రమ్ము చుట్టూ ఎమ్రీ కాగితం చుట్టి, రెండు చివర్లనూ ఒక చీలికలోకి దూర్చి బిగిస్తారు. ఆ చీలిక ప్రతి చుట్టుకూ ఒకసారి నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ చిన్న దెబ్బ. అడుగు ముందుకు వేసేలోపు అలాంటి దెబ్బలు బోలెడు పడతాయి. అప్పటికి కంటికి ఆనవు. పాలిష్ పట్టాక, కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు నేలంతా రేకుల కప్పు ముడతల్లా అడ్డంగా తేలతాయి. మేం వీటిని అలలు అంటాం. అతుకు నున్నగా ఉన్న బెల్టుకు ఆ చీలిక బాధ ఉండదు. ఉండదని అలలే రావని కాదు, ఆ సంగతి కిందికొస్తుంది.

ఈ యంత్రాన్ని పెట్టెలోంచి తీసి నేరుగా ఇంటి నేల మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు భయం. ముందు దాని మట్టం చూసుకోవాలి. పనికిరాని పలకల మీద, అరిగిన సన్నని బెల్టుతో రెండు మూడు అడుగులు నడిపించి, గీతను పక్కనుంచి టార్చి వేసి చూడాలి. బెల్టు వెడల్పంతా ఒకే తీరుగా తాకిందా? ఒక వైపు లోతుగా, ఒక వైపు తేలిగ్గా పడితే చక్రం ఎత్తు సరిచేసే మర ఉంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ చూడాలి. తర్వాత బెల్టు రోలరు మీద నడిమధ్యన పరిగెడుతోందో లేదో చూడాలి. దానికి పైన ఇంకో మర ఉంది. అంచుకు జరిగితే బెల్టు పక్క రేకును కొరుక్కుంటూ చిరుగుతుంది. ఈ రెండు మరలతో ఓపిగ్గా గడిపినవాడికి హుమ్మెల్ ఎంత బాగా పని చేస్తుందో, పట్టించుకోనివాడికి అంత మామూలు యంత్రంలా ఉంటుంది. ఎవరైనా ఈ యంత్రాన్ని తిడుతుంటే నేను మొదట చూసేది ఆ చక్రాన్నే.

డ్రమ్మును దించే, ఎత్తే మీట హ్యాండిల్ దగ్గర వేరే ఉంటుంది. దాని పని నేర్చుకోవాల్సిన విద్య. మోటారు వేసేటప్పుడు డ్రమ్ము పైకి ఎత్తి ఉండాలి. నడక మొదలయ్యాక, నడుస్తూనే, మెల్లగా దించాలి. గోడ దగ్గరికొచ్చాక నడక ఆగకముందే ఎత్తేయాలి. రెప్పపాటు ఆగినా అక్కడ దోనె పడుతుంది. హుమ్మెల్‌లో ఈ దించడం ఎత్తడం మెత్తగా జరుగుతుంది. మీట వదిలిన వేగాన్నిబట్టి డ్రమ్ము వాలుతుంది. కొత్తగా పనిలో చేరే కుర్రాళ్లంతా మొదట్లో "అన్నా, ఇది నన్ను లాక్కుపోతోంది" అంటారు. నిజమే, బెల్టు నేలను పట్టుకోగానే యంత్రం ముందుకు ఉరకబోతుంది. చేతులతో ఆపబోతే హ్యాండిల్ ఊగి, ఆ ఊపంతా నేల మీద అచ్చవుతుంది. నడుము దగ్గర ఆనించి, ఒళ్లంతటితో దాన్ని వెంట నడిపించాలి. మోటారు ఆపేసి, ఖాళీ గదిలో ఉత్త నడక సాధన చేయించాకే నేను ఎవరికైనా మీట ఇస్తాను. వెళ్లిన దారినే వెనక్కి రావాలి, తర్వాత బెల్టు వెడల్పులో సగం పక్కకు జరగాలి. వైరు ఎప్పుడూ భుజం మీదుగా వెనక్కి ఉండాలి. ఇవన్నీ ఒంటికి అలవాటయ్యేదాకా బుర్రతో ఆలోచించి చేసే పనులు కావు.

ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉండటం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ముతక బెల్టుతో పాత పాలిష్ తీసేటప్పుడు గట్టిగా నొక్కాలి. సన్న బెల్టుకు వచ్చేసరికి తేలిక చేయాలి. లేకపోతే సన్న బెల్టు వేడెక్కి, పొడి దాని మీదే కరిగి అంటుకుని, నేలను కాల్చినట్టు మసి చారలు పడతాయి.

ఏ నంబరు బెల్టుతో మొదలెట్టాలన్నది పెద్ద నిర్ణయం. నంబరు చిన్నదైతే బెల్టు ముతక, పెద్దదైతే సన్నం. చాలామంది అలవాటుగా 36 లేదా 40తో మొదలెడతారు. నేను ముందు 60 బెల్టు వేసి, మూల నుంచి దూరంగా ఒక చారెడు గీసి చూస్తాను. పాత పాలిష్ పోయి, పలకలు ఒక మట్టానికి వస్తున్నాయంటే అంతకు ముతక బెల్టు ఆ నేలకు అక్కర్లేదు. ఎందుకంటే ముతక బెల్టు చేసే గీతలు లోతు, ఆ గీతలు పోగొట్టడానికి తర్వాతి బెల్టు అంత లోతూ తీయాలి. మొదటి ఎంపిక ముతకైతే ఆ ఖర్చు చివరిదాకా వెంటాడుతుంది. సిరామిక్ బెల్టులు వచ్చాక ఈ పద్ధతి ఇంకా తేలికైంది. వాటి గింజలు అరిగే కొద్దీ చిట్లి కొత్త అంచులు పైకొస్తాయి కాబట్టి కోత చాలాసేపు నిలుస్తుంది. 40 అవసరమైన నేలకు 40, తర్వాత 60, 80, 100. మధ్యలో ఒకటి ఎగరేసి సమయం కలిసొచ్చిందనుకునేవాళ్లకు రంగు వేసిన రోజు ఆ ఎగరేసిన నంబరు కనిపిస్తుంది. లోతు గీతల్లో రంగు ఎక్కువ ఇంకి, ముదురు చారలై నిలబడతాయి.

కలపను బట్టి కూడా మారుతుంది. చెక్క గట్టిదనాన్ని కొలిచే యాంకా పరీక్ష ఒకటుంది. 1906లో ఆస్ట్రియాకు చెందిన గాబ్రియేల్ యాంకా రూపొందించాడు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం దాకా చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. రెడ్ ఓక్‌కు 1290 పౌండ్ల బలం, హార్డ్ మేపుల్‌కు 1450. అంకెలు చూస్తే రెండూ దగ్గరే. కానీ పని దగ్గర వాటికి పోలికే లేదు. ఓక్ నార తెరుచుకుని ఉంటుంది, చిన్న గీతలను దాచుకుంటుంది. మేపుల్ ఒంటి మీద నార కనిపించనంత నున్నన, ప్రతి గీతా బయటపెడుతుంది. పైన్ లాంటి మెత్తని కలపలో మరో చిక్కు. ఏటేటి వలయాల్లో మెత్తని భాగం బెల్టుకు త్వరగా పోతుంది, గట్టి భాగం నిలుస్తుంది, నేల చాళ్లు చాళ్లుగా తయారవుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గించి, పదునైన కొత్త బెల్టు వేయడమే మందు. అరిగిన బెల్టు మెత్తని భాగాన్ని ఇంకా ఎక్కువ తవ్వుతుంది. బెల్టులు పొదుపు చేయబోయి నేలను పాడుచేసేది ఇక్కడే.

అలల సంగతి చెప్తానన్నాను. ఇంత మంచి యంత్రంతోనూ అలలు వస్తాయి. ఎందుకొచ్చాయో కనిపెట్టడం ఈ వృత్తిలో అసలైన వైద్యం. అలకూ అలకూ మధ్య దూరం కొలిస్తే సగం జవాబు దొరుకుతుంది. దగ్గర దగ్గరగా ఉంటే వేగంగా తిరిగేదేదో కారణం: డ్రమ్ము గుండ్రం తప్పింది, బేరింగు వదులైంది, లేదా బెల్టు అతుకు మందంగా ఉంది. దూరం దూరంగా ఉంటే చక్రాలను అనుమానించాలి. పాత పాలిష్ పొడి వేడికి ముద్దకట్టి చక్రానికి అంటుకుంటే, చక్రం తిరిగిన ప్రతిసారీ యంత్రం కాస్త లేచి దిగుతుంది. ఆ ఎత్తు వెంట్రుకంతే అయినా నేల మీద తెలుస్తుంది. మోటారు నుంచి డ్రమ్ముకు శక్తినిచ్చే వీ బెల్టులు ఎండి బిగుసుకుపోయినా అదుర్లు వస్తాయి. యంత్రాన్ని డ్రమ్ము మీద ఆనించి రోజుల తరబడి వదిలేస్తే రబ్బరు ఒక పక్క చదునవుతుంది, ఇక ఆ డ్రమ్ము సరిచేయించేదాకా అలలు తప్పవు. అందుకే పక్కన పెట్టేటప్పుడు డ్రమ్ము గాల్లో ఉండాలి. ఇంకో కారణం యంత్రంలోనే ఉండదు. కింద దూలాల మధ్య దూరం ఎక్కువై నేలే ఊగుతుంటే ఎంత కుదురైన యంత్రమైనా దానితో పాటు ఊగుతుంది.

అలలు పడ్డాక అదే దారిలో మళ్లీ గీస్తే పోవు. చక్రాలు ఆ అలల మీదే ఎక్కి దిగుతూ వాటిని ఇంకా లోతు చేస్తాయి. నారకు ఏడు నుంచి పదిహేను డిగ్రీలు ఏటవాలుగా నడపాలి. అప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి ఒకే అల మీదికి ఎక్కవు. ఎగుడుదిగుడు నేలలకు నేను మొదటి కోతే ఇలా ఏటవాలుగా వేస్తాను. సన్న బెల్టులకు వచ్చాక నార వెంట తిన్నగా.

ఆఖర్న, బెల్టు పనంతా అయ్యాక, మూడు డిస్కుల యంత్రం దించుతాను. నాది అదే సంస్థ చేసే ట్రియో. 200 మిల్లీమీటర్ల డిస్కులు మూడు, ఒక్కోటి తన చుట్టూ తను తిరుగుతూ, మూడూ కలిసి ఇంకో చుట్టు తిరుగుతాయి. ఇది లోతు తీయదు. హుమ్మెల్ వదిలిన గీతలకూ, గోడ వెంబడి అంచులు గీసే చిన్న యంత్రం, ఎడ్జర్, వదిలిన వంపు గీతలకూ ఉన్న తేడాను చెరిపేస్తుంది. ముదురు రంగు వేసే నేలకు ఇది లేకుండా నేను పని ఒప్పుకోను. లేకపోతే గది చుట్టూ ఫొటోకు కట్టిన చట్రంలా అంచు వేరే రంగులో కనిపిస్తుంది.

ఎడ్జర్ గురించి పొడుగ్గా రాయను. మోకాళ్ల మీద, నడుం వంచి, గోడ పొడవునా పాకుతూ చేసే పని అది. మోకాలి ప్యాడ్లు మంచివి కొనుక్కోండి. మూలల్లో ఏ యంత్రమూ పట్టదు. పదును పెట్టిన స్క్రాపర్‌ను నార వెంట లాగాలి, దానికి సాటి లేదు. స్క్రాపర్‌తో తీసిన మూలను చేత్తో ఎమ్రీ రుద్ది మిగతా నేలతో కలపాలి. రుద్దకపోతే మూల మరీ నున్నగా ఉండి రంగు పీల్చుకోదు.

యంత్రం ఎంత మంచిదైనా అది చెప్పలేని విషయం చెక్కలో తేమ. పలకల అంచులు లేచి, మధ్యలో పల్లంగా ఉన్న నేలలు చూపించి "ఇది చదును చేసెయ్యండి" అంటారు ఇంటివాళ్లు. కింద తేమ చేరి పలక అడుగు ఉబ్బడం వల్ల వచ్చిన వంపు అది. ఆ స్థితిలో నేను హుమ్మెల్ ఎక్కిస్తే గంటల్లో అద్దంలాంటి చదును వస్తుంది, ఇంటివాళ్లు మెచ్చుకుంటారు కూడా. తర్వాత అడుగు ఆరి పలక తన ఆకారానికి తిరిగి వచ్చినప్పుడు, అంచుల్లో తీసేసిన చెక్క లేకపోవడంతో మధ్య భాగం వీపులా పైకి తేలుతుంది. అప్పుడు దాన్ని సరిచేయాలంటే మధ్యలోనూ అంతే తీయాలి. రెండుసార్ల చెక్క పోయినట్టు. అందుకే తేమ మీటరు గుచ్చి, పలకలోనూ కింది అడుగు చెక్కలోనూ కొలిచి, రెంటికీ తేడా ఎక్కువుంటే యంత్రం బండిలోనే ఉంచేస్తాను. "ముందు నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో చూపించండమ్మా, అది ఆరాక నేనే వస్తాను" అని చెప్తాను. ఈ మాట చెప్పి పని పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. ఇప్పటికీ అదే చెప్తాను.

మేకుల విషయం కూడా కోతకు ముందే తేల్చుకోవాలి. తల కనిపించిన ప్రతి మేకునూ పంచ్ పెట్టి లోపలికి దించాలి. వేగంగా తిరిగే బెల్టుకు ఒక్క మేకు తగిలితే బెల్టు చిరుగుతుంది, అది సరే, నిప్పురవ్వ ఎగిరి ఫ్యాను లాగే గాలితో పాటు పొడి సంచిలోకి పోతుంది. లోపల సన్నని చెక్క పొడి, అందులో పాత పాలిష్ తుక్కు. బయటికి ఏమీ కనిపించకుండా గంటల తరబడి రగిలి, రాత్రి ఎవరూ లేనప్పుడు అంటుకునే ప్రమాదం ఉంది. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. నిండేదాకా ఆగితే పీల్చే శక్తీ తగ్గుతుంది. తీసిన పొడిని ఇంట్లో గానీ, బండిలో గానీ, చెత్తబుట్టలో గానీ వదలకూడదు. బయట, మూతున్న ఇనుప డబ్బాలో, దేనికీ ఆనకుండా. ఆరే నూనెలు, నూనె పాలిష్ తుడిచిన గుడ్డలూ అంతే ప్రమాదం. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడికి బయటికి దారి ఉండదు, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, మూతున్న డబ్బాలో పెట్టండి. నాతో పనిచేసేవాళ్లు రోజు చివర బండి ఎక్కేముందు ఈ రెండూ నాకు చూపించాలి. అలసిపోయామన్న మాట అక్కడ చెల్లదు.

హుమ్మెల్ సంచి పొడిని బాగానే పడుతుంది, గది మధ్యలో నిలబడి పనిచేయగలిగేంత. అయినా కంటికి కనిపించని సన్నపొడి గాల్లో ఉంటుంది. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో, మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, సైనసుల క్యాన్సర్‌కు దానితో సంబంధం తేలింది. మూతికి రుమాలు కట్టుకుని పనిచేసే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. రబ్బరు మాస్కు, దానికి ఫిల్టర్లు, చెవులకు మఫ్‌లు యంత్రం కొనే రోజే కొనండి. యంత్రానికి డబ్బు సరిపోయి వీటికి సరిపోకపోతే, యంత్రం కొనడం వాయిదా వేయండి.

కరెంటు విషయంలో ఒక మాట. 230 వోల్టుల మోటారు 2.2 కిలోవాట్లు లాగుతుంది. ఇళ్లలో దొరికే సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు దీన్ని తగిలించకండి. వైరు పొడవయ్యే కొద్దీ వోల్టేజీ పడిపోతుంది, మోటారు బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది. కోత మధ్యలో వేగం తగ్గిందంటే అది కూడా నేల మీద కనిపిస్తుంది. లావు వైరుతో సొంత కేబులు చేయించుకోండి, చుట్ట మొత్తం విప్పి వాడండి.

ఇక బరువు. 80 కిలోలు నేల మీద ఉన్నప్పుడు వరం. ఆ బరువే దాన్ని ఎగరనివ్వదు. మెట్ల దగ్గర అదే శాపం. మోటారు, హ్యాండిల్, కింది భాగం విడదీయొచ్చు, విడదీసే మోయాలి కూడా. అయినా మోటారు ఒక్కటే ఒక మనిషికి చాలినంత. ఒంటరిగా పనిచేసేవాళ్లు, ఎప్పుడూ పై అంతస్తుల్లో పని దొరికేవాళ్లు ఈ విషయం బాగా ఆలోచించుకోవాలి. నడుము పోయాక ఈ వృత్తిలో చేయగలిగింది పెద్దగా ఉండదు. ఇరుకు గదులు, అల్మరాల లోపలి భాగం, మెట్లు కూడా దీని పని కాదు. తమ ఇంట్లో ఒక్క గది సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకు నేను ఏ బెల్ట్ సాండరూ సిఫారసు చేయను. నెమ్మదిగా కోసే, దిగబడని డిస్కుల యంత్రం అద్దెకు తెచ్చుకోండి. రెండింతలు సమయం పడుతుంది గానీ నేల బతికిపోతుంది.

పాలిష్ గురించి వేరేగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ యంత్రానికి సంబంధించినంత వరకే. నీటి పీయూ, అంటే నీటితో చేసిన పాలీయురెథేన్ పాలిష్, వేసేవాళ్లకు సాండింగ్ ఇంకా శుభ్రంగా ఉండాలి. అది రంగు లేని పల్చని పొర, కింద ఉన్న ప్రతి లోపాన్నీ చూపిస్తుంది. పైగా నీళ్లకు చెక్క నార లేస్తుంది, మొదటి కోటు ఆరాక సన్నగా రుద్దాలి. నూనె పీయూ తేనె రంగు పులుముతుంది, కొన్ని తప్పులను క్షమిస్తుంది, ఆరడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. కోటుకు ముందు చీపురు కాదు, వాక్యూమ్ పట్టాలి, కిటికీ అంచులూ తలుపు పైభాగాలూ కూడా. అక్కడ కూర్చున్న పొడి తడి కోటు మీదికే దిగుతుంది.

ఇంటివాళ్లు నేలను ఎలా చూడాలో కూడా నేను ముందే చెప్పి పెడతాను. నిలబడి, మామూలు వెలుతురులో. నేలకు చెంప ఆనించి టార్చి వేస్తే ప్రపంచంలో ఏ చెక్క నేలా నెగ్గదు. నేను మాత్రం ప్రతి బెల్టు మార్చే ముందూ టార్చి పక్కగా వేసే చూసుకుంటాను. వాళ్లు చూడాల్సిన తీరు వేరు, నేను చూసుకోవాల్సిన తీరు వేరు.

కొనాలా వద్దా అంటే: నెల పొడుగునా నేలల పనే చేసేవాళ్లు, ఒక సహాయకుడు ఉన్నవాళ్లు కొనండి. ఖరీదు ఎక్కువే. కానీ దీన్ని విప్పి బాగుచేసుకోవచ్చు, ఏళ్ల నాటి యంత్రాలు ఇంకా పనిలో ఉన్నాయి. వీ బెల్టులు ఒక జత, చక్రాలు ఒక జత, పొడి సంచి ఒకటి ఎప్పుడూ బండిలో అదనంగా ఉంచుకోండి. అప్పుడప్పుడూ చేసేవాళ్లు పని దొరికినప్పుడు అద్దెకు తెచ్చుకోవడమే మేలు, తెచ్చుకున్నప్పుడు చక్రాలు తుడిచి మట్టం చూసుకోండి.

పాతది కొనేటప్పుడు మూడు చూడండి. బెల్టు తీసేసి డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పండి, రబ్బరు మీద వేలు ఆనించి ఉంచితే ఎక్కడైనా చదునుగానీ, గాటుగానీ ఉంటే తెలుస్తుంది. తర్వాత డ్రమ్మును పట్టుకుని పక్కలకు ఊపండి, బేరింగు వదులైతే చప్పుడొస్తుంది. ఆఖర్న ఒక పాత పలక మీద సన్న బెల్టుతో నడిపించి చూపించమనండి, గీతను టార్చితో మీరే చూడండి. అమ్మేవాడు నడిపించి చూపించనంటే అక్కడితో బేరం ఆపేయండి. ఈ మూడూ సరిగా ఉంటే పెయింటు ఊడినా, సంచి చిరిగినా, హ్యాండిల్ తొడుగు అరిగినా పట్టించుకోకండి. అవన్నీ మార్చుకోవచ్చు.